ఉయ్యాల యేల ఆగిపోవును?

తెలుగువారు ఏ సీమకు వలసపోయినను వెంట తీసికొనిపోయిన వస్తువులలో ఉయ్యాల యొకటి. ఆంధ్రదేశమున అట్లతద్దికి ఉయ్యాలతద్ది యనియు పేరు కలదు. పసిబిడ్డకు పాతచీరతో కట్టిన ఉయ్యాల, ఆడపిల్లలకు చింతకొమ్మకు వేసిన మోకు ఉయ్యాల, పెద్దలకు నడవలో గొలుసులతో వ్రేలాడు బల్ల, దేవునికి డోలోత్సవము. ఈ నాలుగును ఎరుగని తెలుగు కుటుంబము కోయంబత్తూరు, మధుర, పళని ప్రాంతములలో అరుదు. మధుర మీనాక్షీదేవి ఆలయములో స్వర్ణపద్మ పుష్కరిణి గట్టున, నాయకరాజుల కాలమునాటి ఊంజల్ మండపమున్నది. శుక్రవారము సాయంకాలమున దేవీదేవరల స్వర్ణవిగ్రహముల నచట ఊచుదురు. కావేరీతీరమున పుట్టి పెరిగిన త్యాగరాజస్వామి తన ఉత్సవసంప్రదాయ కీర్తనలలో ఉయ్యాలకు పాటలు కట్టినది తెలుగులోనే. ఇరుగుపొరుగువారు ఊంజల్ అందురు, మనము ఉయ్యాల యందుము. పేరేదైనను, ఊచువారు చేయి తీసినచో అది కొంతసేపూగి ఆగిపోవును.

ఎందువలన? ఈ ప్రశ్న చిన్నది. దానికి సరియైన సమాధానము దొరకుటకు మాత్రము రెండువేల యేండ్లకు పైగా పట్టినది. ఆ సమాధానమును పరిష్కరించిన చరిత్రలో ఒక ఘట్టము మన కోయంబత్తూరు సీమలో జరిగినది. అంతకంటె ముఖ్యమైన మరియొక ఘట్టములో మన యిండ్లలో నేటికిని పలుకుచున్న తెలుగుమాట యొకటి ఇంగ్లండు పండితుల గ్రంథములలోని కెక్కినది. మన పిల్లలు ఈ శాస్త్రమంతయు పరదేశములో పుట్టి, పాఠ్యపుస్తకముల మూలముగా మనకు వచ్చిన దనుకొనుచున్నారు. అందుచేత ఈ సంగతులు కుటుంబములలో చెప్పుకొనదగినవి. మన పూర్వులకు అన్నియు ముందే తెలిసియుండెనని వాదించుట నా యుద్దేశము కాదు. అట్టి వాదములు సభలలో చప్పట్లకు పనికివచ్చును గాని విషయము తెలిసికొనుటకు పనికిరావు.

పూర్వము గ్రీకుదేశమున అరిస్టాటిల్ మొదలైనవారు కదలికకు ఎల్లప్పుడును కదలించువా డుండవలెనని తలచిరి. తోసిన బలము ఖర్చైపోయినది గనుక ఉయ్యాల ఆగినదని నేటికిని చాలమంది అనుట ఆ తలపు యొక్క శేషమే. అలసిన యెద్దు ఆగినట్లు ఉయ్యాలయు అలసి ఆగునని వారి భావము. ఇది తప్పు. కదలుచున్న వస్తువు తనంతట తాను అలయదు. దాని కదలికను ఎవరో ఒకరు తీసికొనవలెను. గెలీలియో ఈ త్రోవ చూపెను, 1687లో న్యూటను దానిని సూత్రముగా నిలిపెను. కాబట్టి ప్రశ్నను ఇట్లు మార్చుకొనవలెను: ఉయ్యాల కదలికను తీసికొనుచున్నవా రెవరు?

ముందుగా నిరపరాధులను విడిచిపెట్టుదము. భూమ్యాకర్షణవలన ఉయ్యాల ఆగునని పిల్లలు వ్రాయుట కలదు. ఉయ్యాల పైకి పోవునపుడు ఆకర్షణ దాని వేగమును తగ్గించుట నిజమే, కాని దిగివచ్చునపుడు అంతకు అంత మరల ఇచ్చివేయును. అది బాకీ ఉంచుకొనని షావుకారు. ఇక త్రాడు. త్రాడు ఉయ్యాలను ఎల్లప్పుడును కట్టిన చోటివైపునకు లాగుచుండును, ఉయ్యాల ఆ దిక్కునకు అడ్డముగా పోవుచుండును. అందువలన త్రాటి లాగుడు ఉయ్యాల దిక్కును మార్చునే గాని వేగమును తగ్గింపదు. మిగిలిన అపరాధులు ముఖ్యముగా ఇద్దరు: చుట్టునున్న గాలి, పైన కట్టినచోటి రాపిడి. చెట్టుకొమ్మ ఊగుట, మోకులోని పీచు ఒకదానితో నొకటి రాచుకొనుట, ఆ కిర్రు కిర్రు మను చప్పుడు, ఇవన్నియు చిన్న దొంగలు.

ఈ ఇద్దరిలో ఎవరి భాగ మెంత? న్యూటను తన గ్రంథము రెండవ సంపుటములో దీనికొక చక్కని ప్రయోగము వ్రాసెను. పదిన్నర అడుగుల దారమునకు ఏడంగుళములకు కొంచెము తక్కువ అడ్డకొలత గల కొయ్యగుండును కట్టి ఊచి, గుండు కదలికలో ఎనిమిదవ వంతు నష్టమగుటకు ఎన్ని ఊపులు పట్టునో లెక్కించెను. 2 అంగుళముల దూరమునుండి విడిచినపుడు 164 ఊపులు పట్టినవి. 4 అంగుళములకు 121, 8కి 69, 16కి 35½, 32కి 18½, 64కి 9⅔. ఈ అంకెలను నిదానముగా చూడవలెను. దూరము 16 నుండి 32కు, 32 నుండి 64కు రెట్టింపైనపుడు ఊపుల సంఖ్య ఇంచుమించు సగ మగుచు వచ్చినది. వేగము రెట్టింపైనచో గాలి యడ్డు నాలుగురెట్లగునన్న నియమమునకు ఇది సరిపోవుచున్నది. కాని 2 నుండి 4కు పోయినపుడు 164 సగమై 82 కాలేదు, 121 దగ్గరనే నిలిచినది. అనగా చిన్న ఊపులలో ఈ నియమము చాలదు, మరియొక విధమైన నష్టము పాలు పంచుకొనుచున్నది.

మన యింటి ఉయ్యాలపైనను ఇదే చూడవచ్చును. ఎత్తుగా ఊగినపుడు చెవులలో గాలి హోరుమనును, ఆ వెడల్పు మూడు నాలుగు ఊపులలోనే తగ్గిపోవును. పిదప చిన్న ఊపులు చాలసేపు సాగును. పెద్ద ఊపును తినునది గాలి, ముఖ్యముగా వేగము హెచ్చుగానుండు అడుగుభాగమున. చిన్న ఊపును తినునది కొక్కెము. కొక్కెపు రాపిడికి వేగముతో నిమిత్తము లేదు. ఊపు పెద్దదైనను చిన్నదైనను ప్రతి ఊపునకును వెడల్పులో ఇంచుమించు ఒకే కొలత కోసివేయును. ఆ కోత వలననే ఉయ్యాల చిట్టచివరకు నిలువున నిలిచిపోవును. మరియొక సంగతి. ఖాళీ బల్లకంటె మనిషి కూర్చున్న బల్ల ఎక్కువసేపు ఊగును. కొక్కెపు రాపిడి బరువుతోపాటు పెరుగును గనుక అందు లాభము లేదు. కాని గాలి బరువును చూడదు, ఆకారమును వేగమును మాత్రమే చూచును. బరువైనవానికి ఉన్న కూడబెట్టు హెచ్చు, గాలికి చెల్లించు పన్ను అంత హెచ్చు కాదు.

పళని కొండకు 2004లో వచ్చిన రోప్ కారు పెట్టెలును తీగకు వ్రేలాడు ఉయ్యాలలే. గాలి ఉయ్యాలను ఆపుటయే కాదు, తాను వీచినపుడు ఊపును కూడ. ఈదురుగాలి వేళ ఆ బండ్లను నిలిపివేయుట అందుచేతనే.

కొక్కెమును గూర్చి మన ఇల్లాండ్రకు తెలిసిన విద్య ఆముదము వేయుట. అది రాపిడిని తగ్గించును, చప్పుడును తగ్గించును. మరియొక విద్య గలదు. రాపిడి ఎంత బలమైనదను మాట ఒకటి, అది ఇరుసునుండి ఎంత దూరమున పట్టి లాగుచున్నదను మాట యింకొకటి. అర అంగుళము మందముగల కడ్డీపై తిరుగు వలయమునకు బదులు పావు అంగుళపు కడ్డీపై తిరుగు వలయ మున్నచో, రాపిడి అంతే యైనను ఉయ్యాలకు కలుగు నష్టము సగమగును. కడ్డీని ఇంకను సన్నము చేయుచు పోయి కత్తివాదర వలె చేసినచో ఆ నష్టము లేనట్లే యగును. (ఇంటి ఉయ్యాలకు మాత్రము కొక్కెము లావుగానే యుండవలెను. ఊపు నాలుగు తక్కువైనను కోడలు క్రిందపడకుండుట ముఖ్యము.)

ఐతే కత్తివాదరపై బరువు నిలిపినచో వాదర మొండియగును. దానికి ఎట్టి లోహము కావలెను? ఈ ప్రశ్న 1817 ప్రాంతమున లండనులో హెన్రీ కేటర్ అను ఉద్యోగికి కలిగెను. సరిగా ఒక్క సెకనునకు ఒక్క ఊపు ఊగు లోలకము పొడవును నిర్ణయించు పని అతని కప్పగించిరి. అతడు తన లోలకమును ఆనించుటకు చేయించిన కత్తివాదరలు భారతదేశపు ఉక్కువి. 1818లో ప్రకటించిన వ్యాసమున అతడు దానిని "ఊట్జ్" అని పేర్కొనెను. ఈ ఊట్జ్ అను మాట తెలుగు కన్నడములలోని "ఉక్కు" శబ్దమే ఇంగ్లీషువారి నోటబడి మారిన రూపమని పండితుల యభిప్రాయము. 1795లోనే లండను రాయల్ సొసైటీలో ఈ ఉక్కును పరీక్షించి వ్యాసము చదివియుండిరి. తెలంగాణములో నిజామాబాదు సీమలోని కోనసముద్రము ఈ ఉక్కునకు ప్రసిద్ధి. మన వైపున నొయ్యల్ నది యొడ్డున, పూర్వము కోయంబత్తూరు జిల్లాలో చేరియుండిన కొడుమణల్ త్రవ్వకములలో ప్రాచీనకాలపు ఇనుప, ఉక్కు కొలుముల జాడలు దొరికినవి. మట్టిమూసలో ఇనుమును, ఆకును, కట్టెపుల్లలను ఇమిడ్చి మూతవేసి కొలిమిలో పెట్టి కరగించిన కమ్మరుల పేర్లు ఎవరును వ్రాసి యుంచలేదు. ప్రపంచములో అప్పటికి అతిసూక్ష్మమైన లోలకము ఆనుకొని ఊగినది మాత్రము అట్టి లోహము మీదనే. ఈ ఒక్క సంగతి మన పిల్లలకు తెలిసిన చాలును. ఇంటిలో స్టీలు గిన్నె యనుట అలవాటైనను, ఉక్కు అనుమాటను నాలుకపైనుండి జారవిడువకుందురని ఆశ.

ఈ కేటరు మనదేశమునకు క్రొత్తవాడు కాడు. యౌవనమున మదరాసు సీమలో విలియం లాంబ్టన్ క్రింద సర్వే పనిచేసి, ఆరోగ్యము చెడి తిరిగిపోయినవాడు. ఆ లాంబ్టన్ 1802లో మదరాసు దగ్గర ఆరంభించిన మహాసర్వే 1806లో కోయంబత్తూరు చేరినది. అచట భూమిపై ఒక ఆధారరేఖను గొలుసుతో కొలిచిరి. ఆకాశపరీక్షలు చేసిన స్థలములలో నొకటి పచ్చాపాళెము. దొరల పుస్తకములలో "పుచ్చపొల్లియం" అని వికారముగా ముద్రింపబడినది ఈ యూరే. దక్షిణమున కన్యాకుమారి చెంతనుండి ఉత్తరమున తెలుగునాటివరకు పోయిన ఆ మహారేఖలో ఇది యొక మజిలీ.

లోలకమునకును భూమిని కొలుచుటకును ఏమి సంబంధమని అడుగవచ్చును. లోలకపు ఊపు ఆకర్షణ యొక్క బలమునుబట్టి యుండును. లండనులో సెకను లోలకము పొడవు ఇంచుమించు 39.14 అంగుళములు. 1821లో మదరాసు అబ్జర్వేటరీలో గోల్డింగ్‌హామ్ పరీక్షించినపుడు అది ఇంచుమించు 39.03 అంగుళములని తేలినది. (ఆ అబ్జర్వేటరీలో 1792 నాటి రాతిస్తంభముపై లాటిను, తమిళ, పారసీకములతోపాటు తెలుగులోను శాసనమున్నది. ఇప్పుడు మదరాసు నుంగంబాకమున వాతావరణ కార్యాలయపు ఆవరణలో దానిని చూడవచ్చును.) తేడా అంగుళములో పదవవంతు. లండనులో సరిచేసిన గడియారమును మదరాసునకు తెచ్చినచో దినమునకు రెండు నిమిషములకు పైగా వెనుకబడునన్నమాట. ఈ తేడాలను ఊరూర కొలిచినచో భూమి ఆకారము, దాని లోపలి బరువుల అమరిక తెలియును.

అచట మరల గాలి అడ్డు వచ్చెను. 1828లో బెస్సెల్ అను జర్మను పండితుడు, ఊగు వస్తువు తనతో కొంత గాలిని ఈడ్చుకొనిపోవునని చూపెను. 1850లో కేంబ్రిడ్జిలో స్టోక్స్ అను గణితశాస్త్రజ్ఞుడు లోలకములను గూర్చి సుదీర్ఘమైన వ్యాసము చదివి, గాలిలో పొర పొరతో రాచుకొనుటవలన కలుగు అంతర్ఘర్షణను లెక్కకట్టెను. తేనెలో గరిటె త్రిప్పినపుడు చేతికి తెలియు జిగటతనము గాలికిని కలదు, మిక్కిలి స్వల్పము గనుక మనకు తెలియదు. నీటిలో ముంచిన ఉయ్యాల రెండూపులలో నిలిచిపోవును, గాలి యనునది పలుచని నీరే. కాబట్టి సర్వేవారు గాలిని తోడివేసిన పాత్రలో లోలకమును ఊచ నిశ్చయించిరి.

ఆ పనికి వచ్చినవాడు కెప్టెన్ బసేవి. 1865 మొదలు 1871 వరకు రాయల్ సొసైటీవారి ఇత్తడి లోలకములను రెండింటిని మోయించుకొని దేశమంతయు తిరిగెను. కన్యాకుమారి చెంత పున్నై, కోయంబత్తూరు సీమలో పచ్చాపాళెము, బెంగుళూరు, రాయలసీమలో నమ్తాబాదు, తెలంగాణములో కొడంగల్, తీరమున మదరాసు, కాకినాడ, ఇవి అతని మజిలీలలో కొన్ని. లాంబ్టన్ నక్షత్రములను చూచిన పచ్చాపాళెములోనే అరువది యేండ్ల తరువాత ఈ లోలకములు ఊగినవి. గాలి చొరని పాత్రలో నిలిపి, పంపుతో గాలిని చాలవరకు తోడి, వాదరను పలుగురాతి జాతిదగు అకీకు పలకపై ఆనించి, కొంచెము ప్రక్కకు లాగి విడుతురు. తరువాత ఎవరును ముట్టరాదు. ఇంటి ఉయ్యాలను ఆపు ఇద్దరు దొంగలను ఒక్క పాత్రలో కట్టివేసిన విధమిది. ఐనను లోలకము కొన్ని గంటలలో నీరసింపక మానలేదు. ఏలయనగా తోడగా మిగిలిన పలుచని గాలికిని జిగట యున్నది. గాలి పలుచనైనను ఆ జిగట ఇంచుమించు తగ్గదని మాక్స్‌వెల్ 1860 ప్రాంతముల లెక్కవేసి, 1866లో ప్రయోగముతో చూపెను. చిత్రమైనను ఇది నిజము. గాలిని ప్రక్కకు నెట్టుట సులభమగును గాని, రాపిడి మిగిలియే యుండును.

ఇచట నా బోటి గుమాస్తాలు గౌరవింపదగిన పని యొకటి జరిగినది. ఊపు వెడల్పు ఎక్కువైనచో ఒక్కొక్క ఊపునకు పట్టు కాలమును వెంట్రుకవాసి ఎక్కువగును. ఇరువైపుల ఒక్కొక్క డిగ్రీ ఊగు లోలకము, మిక్కిలి స్వల్పముగా ఊగుదానికంటె దినమునకు ఒకటిన్నర సెకనులకు పైగా వెనుకబడును. ఇరుగుపొరుగు మజిలీల నడుమ వెదకుచున్న తేడాలు కొన్ని సెకనులు మాత్రమే. కాబట్టి లోలకము నీరసించుట యెంతయో వ్రాసి ఉంచనిచో కొలత యంతయు వ్యర్థము. ఆరంభమున ఇంత వెడల్పు, ముగింపున ఇంత వెడల్పు, ఉష్ణ మింత, గాలి ఒత్తిడి ఇంత అని ప్రతి పరీక్షకును రిజిస్టరులో వ్రాయవలెను. ముప్పదియేండ్లు లెడ్జరులు వ్రాసినవాడను గనుక చెప్పగలను, తరుగు పట్టీ సరిగా వ్రాయుట రాబడి పట్టీ వ్రాయుటకంటె కష్టము. రాబడిని ఎవరైనను గుర్తుంచుకొందురు.

బసేవి కొలతలవలన తేలిన దేమనగా, హిమాలయమువంటి మహాపర్వతముల దగ్గర ఆకర్షణ ఉండవలసినంత లేదు. పైన కనబడు బరువునకు క్రింద తేలికయైన రాయి పరిహారముగా నున్నది. ఈ భావమును ప్రాట్, ఎయిరీ అనువారు 1855లో సూచించిరి, లోలకములు దానికి బలమిచ్చెను. అందుకు చెల్లించిన మూల్యమును పెద్దదే. లడాకులోని మోరే మైదానమున, పదిహేనువేల అడుగులకు పైయెత్తున, చలిలో పరీక్షలు చేయుచు 1871 జూలైలో బసేవి మరణించెను. అప్పటి కతనికి ముప్పదితొమ్మిది యేండ్లు. అతని పేరు చరిత్రలో నిలిచినది, అది న్యాయము. పెట్టెలు మోసిన కూలీలు, పంపు కొట్టిన ఖలాసీలు, పచ్చాపాళెమున నీళ్లు పోసినవారు లెక్కలో జీతపు మొత్తముగా మాత్రమే మిగిలిరి. ఇది న్యాయమని నాకు తోచదు.

ఇక తీసికొనబడిన కదలిక ఏమైనదను ప్రశ్న మిగిలియున్నది. అది నశింపలేదు, వేడియైనది. 1840 తరువాత జూల్ అను ఇంగ్లీషువాడు దీనిని కొలతలతో స్థాపించెను. ముప్పది కిలోల పిల్ల ఉయ్యాలపై అర మీటరు ఎత్తునకు పోయి, ఎవరును ఊపకయే ఆగిపోయినదనుకొందము. ఆమె కోల్పోయినది ఇంచుమించు 147 జూలులు. ఆ వేడితో 35 గ్రాముల నీటిని, అనగా గుక్కెడు నీటిని, ఒక్క డిగ్రీ మాత్రము వెచ్చజేయవచ్చును. అంత కేరింతకు అంత స్వల్పమైన వేడి. అది గాలిలోను కొక్కెములోను పంచుకొనబడుటచే ఏ చేతికిని తగులదు.

ఉయ్యాల ఆగకుండ చేయుట సాధ్యమా? గాలిని కొక్కెమును పూర్తిగా తొలగించుట సాధ్యము కాదు. ప్రతి ఊపునకును పోయినంత మరల ఇచ్చుట సాధ్యము. 1656లో హాలెండు పండితుడు హైగెన్సు లోలకపు గడియారమున చేసిన ఏర్పాటు అదియే. బరువుగుండు మెల్లగా దిగుచు పండ్లచక్రమును త్రిప్పును. చక్రము ఊపు ఊపునకు ఒక్కొక్క పన్ను వంతున జారుచు లోలకమును చిటికెడంత నెట్టును. ఊపు పెద్దదైనచో గాలి తీసికొనునది హెచ్చి మరల తగ్గును, చిన్నదైనచో తీసికొనునది తగ్గి మరల హెచ్చును. ఇచ్చినదియు పోయినదియు సరియగుచోట వెడల్పు నిలుచును. బిడ్డ ఉయ్యాలను కాలిబొటనవ్రేలితో నెట్టుచు తల్లి చేయు పనియే ఇది, ఆమెకు పండ్లచక్రము లేదంతే.

మదరాసు అబ్జర్వేటరీ పని 1899లో మన పళని కొండలపైనున్న కొడైకెనాలునకు తరలివచ్చినది. దానితోపాటు కొండకు వచ్చిన సామగ్రిలో పదునెనిమిదవ శతాబ్దమున లండనులో జాన్ షెల్టన్ చేసిన లోలకపు గడియార మొకటి కలదు. 1769లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను చూచుటకు కెప్టెన్ కుక్ తాహితి దీవికి కొనిపోయినదియు ఈ షెల్టన్ చేతి గడియారమే. కొడైకెనాలు చూడబోవు మనవారు సరస్సును, పడవలను చూచి దిగివచ్చుచుందురు. ఈసారి పిల్లలను అబ్జర్వేటరీ వైపు కూడ తీసికొనిపోయి ఆ గడియారమును గూర్చి అడిగి చూపించవలెను. దాని లోలకము ఊగునపుడు గాలియు ఆనుడు చోటును తమ వంతు తీసికొనుచునే యుండును, గుండు ఆ నష్టమును పూడ్చుచునే యుండును. గుండు అడుగునకు చేరినపుడు కీ త్రిప్పి మరల పైకెక్కించుటకు ఒక ఉద్యోగి కావలెను.